అయస్కాంతం లేని స్లాట్ కారు: 60ల తీరులో 1/32 ఫోర్డ్ జీటీ40 కట్టడం, దారికి తేవడం

1957లో బ్రిటన్‌లో స్కేలెక్స్‌ట్రిక్ పేరుతో, ట్రాక్‌లోని గాడి వెంట పరుగెత్తే కరెంటు బొమ్మ కార్లు, అంటే స్లాట్ కార్లు, అమ్మకానికి వచ్చాయి. ఆ తర్వాతి పదేళ్లలో ఈ సరదా అట్లాంటిక్‌కి ఇరువైపులా పెద్ద జ్వరంలా పాకింది. అప్పటి కారు ట్రాక్‌కి అంటుకుని ఉండేది సొంత బరువుతోనూ టైర్ల పట్టుతోనూ మాత్రమే. కింద అయస్కాంతం బిగించి ట్రాక్‌లోని ఇనప పట్టాలకి లాగించే పద్ధతి తర్వాత వచ్చింది. దానితో వేగం పెరిగింది కానీ వెనక భాగం మెల్లగా జారుతూ మలుపు తిరిగే అందం పోయింది. ఆ జారుడు కోసమే ఇవాళ కూడా కొందరు ఇత్తడి, ఉక్కు తీగ తెచ్చుకుని చేత్తో ఛాసిస్ కడుతున్నారు.

ఇలాంటి కారుకి ప్రాణం మోటారు అనుకుంటే పొరపాటు. వెనక ఇరుసు తిన్నగా, టైర్లు గుండ్రంగా, గేర్ చప్పుడు లేకుండా ఉంటే మామూలు మోటారుతోనే కారు పరుగెడుతుంది. ఈ మూడింట్లో ఏది తప్పినా ఖరీదైన మోటారు పెట్టి లాభం లేదు, అదే తప్పు మరింత వేగంగా జరుగుతుంది. అందుకే ఇక్కడ వెనక భాగానికి ఎక్కువ చోటిచ్చాం.

ఎందుకు జీటీ40

అసలు కారు వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) 95 అంగుళాలు, అంటే 2413 మి.మీ. మన బొమ్మ అందులో 32వ వంతు, కాబట్టి దాన్ని 32తో భాగిస్తే 75.4 వస్తుంది. ఎత్తు సుమారు 40 అంగుళాలు, పేరులోని 40 అదే. స్కేలులో అది సుమారు 32 మి.మీ. ఇంత పొట్టి కారు బోల్తా పడటం తక్కువ, కాబట్టి మొదటిసారి కట్టేవాళ్లకి ఇది మంచి ఎంపిక. ముందు చక్రాల ముందు గైడ్ (ట్రాక్ గాడిలో దిగి కారుని నడిపించే ముక్క) పట్టేంత ముక్కు కూడా ఉంది. 1968, 1969 లే మాన్స్ (ఫ్రాన్స్‌లో జరిగే 24 గంటల కార్ల రేసు) రెండూ గెలిచింది ఒకటే కారు, ఛాసిస్ నంబరు 1075, లేత నీలం మీద నారింజ పట్టీ ఉన్న గల్ఫ్ చమురు కంపెనీ రంగుల్లో. 1968లో దాని నంబరు 9, 1969లో 6. 1966లో గెలిచిన మార్క్ 2 నలుపు, దాని నంబరు 2. బాడీ కొనేటప్పుడు ఏ సంవత్సరపు కారో చూసుకోండి. తర్వాతి గల్ఫ్ కార్ల వెనక మడ్‌గార్డులు వెడల్పుగా ఉబ్బి ఉంటాయి, వాటిలో లావు టైరు పడుతుంది.

కావలసినవి

- 1/32 బాడీ: ప్లాస్టిక్ కిట్ గానీ రెజిన్ గానీ
- 130 సైజు మోటారు: 12 వోల్టుల దగ్గర నిమిషానికి 18,000 నుంచి 20,000 చుట్లు తిరిగేది
- 1.6 మి.మీ. ఉక్కు తీగ (పియానో తీగ), సుమారు 60 సెం.మీ.; ఆపుడు ముక్కలకి 1 మి.మీ. తీగ కొంచెం
- ఇత్తడి రేకు: 1 మి.మీ., 1.2 మి.మీ., 1.5 మి.మీ. మందాల్లో చిన్న ముక్కలు
- ఇత్తడి గొట్టాలు: బయటి కొలత 3/32, 1/8 అంగుళాలు
- ఇరుసులు రెండు, 3/32 అంగుళం, అంటే 2.38 మి.మీ.
- వెనక ఇరుసుకి కంచు బుష్‌లు (ఇరుసు తిరిగే చిన్న గొట్టం బేరింగ్‌లు) రెండు: లోపల 3/32, బయట 3/16 అంగుళం
- 9 పళ్ల పినియన్ (మోటారు ఇరుసు మీది చిన్న గేర్), 27 లేదా 28 పళ్ల క్రౌన్ గేర్ (చక్రాల ఇరుసు మీది, పళ్లు పక్క ముఖం మీదుండే గేర్), రెండూ ఒకే పిచ్‌వి, అంటే పళ్ల సైజు ఒకటే
- రిమ్ములు, టైర్లు, గైడ్, రాగి బ్రెయిడ్ (గైడ్ కింద ఉండి పట్టాల నుంచి కరెంటు తీసుకునే అల్లిక పట్టీ), మెత్తటి సిలికాన్ వైరు
- ఎం2 స్క్రూలు, 0.1 నుంచి 0.5 మి.మీ. వరకు పలుచటి వాషర్లు

మోటారు గురించి ఒక హెచ్చరిక. హైదరాబాద్ కోఠీలో గానీ రోబోటిక్స్ సామాన్లు అమ్మే ఏ కొట్లో గానీ 130 సైజు బొమ్మ మోటార్లు చవగ్గా దొరుకుతాయి. కొలత ఒకటే, లోపలి చుట్ట వేరు. అవి 3 నుంచి 6 వోల్టుల కోసం చుట్టినవి. 12 వోల్టులిస్తే కాసేపు అదిరిపోయే వేగంతో పోయి, తర్వాత బ్రష్‌లు కాలిపోతాయి. పైగా చాలా వాటికి బిగించుకునే స్క్రూ రంధ్రాలుండవు. కొలతలు సరిచూసుకోవడానికి, టంకం ప్రాక్టీసుకి అవి పనికొస్తాయి. ట్రాక్ మీదికి మాత్రం స్లాట్ కారు కోసం చేసిన మోటారే కొనండి.

గొట్టాలు అంగుళాల కొలతలో ఎందుకంటే, హాబీ గొట్టాలు ఒకదానిలో ఒకటి జారేలా తయారవుతాయి. 1/8 గొట్టంలో 3/32 ఇరుసు సరిగ్గా తిరుగుతుంది. 3/32 గొట్టంలో 1.6 మి.మీ. తీగ సరిపోతుంది. హార్డ్‌వేర్ షాపులో దొరికే గొట్టం గోడ మందం వేరు, అందులో ఇరుసు పట్టకపోవడమో వదులైపోవడమో జరుగుతుంది. కొనేముందు ఇరుసు దూర్చి చూడండి.

ఎత్తుల లెక్క ముందే వేసుకోవాలి

క్రౌన్ గేర్ పద్ధతిలో మోటారు కారు పొడవునా పడుకుంటుంది. మోటారు ఇరుసు, చక్రాల ఇరుసు ఒకే ఎత్తులో ఉండి తీరాలి. మిగతా ఎత్తులన్నీ దీన్నిబట్టే వస్తాయి.

వెనక టైరు వ్యాసం 20.5 మి.మీ. అనుకుందాం. ఇరుసు కేంద్రం ట్రాక్ నుంచి 10.25 మి.మీ. ఎత్తులో ఉంటుంది. 130 మోటారు చదును వైపు మందం 15.1, అందులో సగం 7.55. కాబట్టి మోటారు అడుగు ట్రాక్‌కి 2.7 మి.మీ. పైన ఉంటుంది. ఛాసిస్ తీగల అడుగు 1.3 మి.మీ. ఎత్తులో పెడితే, 1.6 తీగ పైభాగం 2.9కి వస్తుంది. అంటే తీగలు మోటారు కిందికి పోకూడదు, పక్కలనుంచి పోవాలి. మోటారు వెడల్పు 20.1, తీగల మధ్య 21 మి.మీ. ఖాళీ వదిలితే చాలు.

మీ టైరు 20 మి.మీ. అయితే ఇరుసు, మోటారు, తీగలు అన్నీ పావు మి.మీ. కిందికి దిగుతాయి. టైరు అరిగేకొద్దీ అదే జరుగుతుంది. ట్రాక్‌కీ ఛాసిస్‌కీ మధ్య 1 మి.మీ. కన్నా తగ్గితే పట్టాల అతుకుల దగ్గర గీసుకుంటుంది. అందుకే మొదట్లోనే 1.3 వదులుతున్నాం.

జిగ్: చెక్క పలక, నాలుగు బిళ్లలు

జిగ్ అంటే టంకం వేసేటప్పుడు భాగాల్ని సరైన చోట నిలిపే ఏర్పాటు. 12 మి.మీ. ఎండీఎఫ్ పలక మీద గ్రాఫ్ కాగితం అంటించండి. గాజు, గ్రానైటు ఎంత చదునుగా ఉన్నా ఈ పనికి వద్దు, అవి ఇత్తడిలోని వేడిని లాగేసి టంకాన్ని పారనివ్వవు. కాగితం మీద మధ్య గీత, దానికి లంబంగా 75.5 మి.మీ. దూరంలో రెండు ఇరుసు గీతలు గీయండి. ముందు గీతకి ఇంకో 15 మి.మీ. ముందు గైడ్ కేంద్రం గుర్తు పెట్టుకోండి. గైడ్ నుంచి వెనక ఇరుసు దాకా సుమారు 90 మి.మీ. వస్తుంది. ఈ దూరం పెరిగేకొద్దీ వెనక భాగం మెల్లగా, ముందే తెలిసేలా జారుతుంది, తగ్గితే చటుక్కున తిరిగిపోతుంది. అయితే పైనుంచి చూసినప్పుడు గైడ్ బాడీ బయటికి కనపడకూడదు, ఆ హద్దు దాటవద్దు.

ఊళ్లో ఏ లేత్ షాపులోనైనా నాలుగు అల్యూమినియం బిళ్లలు చేయించుకోండి. రెండు 20.5 మి.మీ., రెండు 19.5 మి.మీ. వ్యాసం, మధ్యలో ఇరుసు దూరేంత రంధ్రం. టంకం వేసేటప్పుడు టైర్ల బదులు ఇవే చక్రాలు. అల్యూమినియానికి మామూలు టంకం అంటదు, వేడికి కరగదు. చిన్న ఖర్చే, కానీ జిగ్‌లో దీనికి మించిన ఉపకరణం లేదు.

ఛాసిస్

25 వాట్ల ఎలక్ట్రానిక్స్ సోల్డరింగ్ ఐరన్ దీనికి చాలదు. వెడల్పు మొన ఉన్న 60 లేదా 80 వాట్లది కావాలి. ఉక్కు తీగకి రోజిన్ పేస్టు పట్టదు, జింక్ క్లోరైడ్ ఆసిడ్ ఫ్లక్స్ వాడాలి. ఆ పొగ పీల్చకుండా కిటికీ దగ్గర పని చేయండి. అతుకు వేసిన రోజే వంట సోడా నీళ్లతో కడిగి, సబ్బు నీళ్లతో మళ్లీ కడగండి. లేకపోతే వారంలో తీగ తుప్పెక్కుతుంది, కోస్తా ఊళ్ల ఉక్కలో అయితే ఇంకా ముందే. ఛాసిస్ మీద ఆసిడ్ ఉండగా మోటారుని దాని దరిదాపుల్లోకి తేకండి.

తీగని కటింగ్ ప్లయర్‌తో కోస్తే ప్లయర్ నోరు విరుగుతుంది. ఆకురాయితో చుట్టూ గాటు పెట్టి విరవండి. ముక్క ఎగిరి కంట్లో పడకుండా అద్దాలు పెట్టుకోవాలి.

మొదట మోటారు బ్రాకెట్. 1.2 మి.మీ. ఇత్తడి రేకుని పై నుంచి చూస్తే యు ఆకారం వచ్చేలా వంచండి. యు అడుగు మోటారు ముఖానికి, రెండు చెవులు వెనక ఇరుసు బుష్‌లకి. చెవుల మధ్య దూరం 28 నుంచి 30 మి.మీ. మోటారు ముఖం మీది బొడిపె దూరేలా మధ్యలో రంధ్రం, దానికి ఇరువైపులా స్క్రూ రంధ్రాలు. చెవుల్లో 4.8 మి.మీ. రంధ్రాలు, అవి మోటారు రంధ్రంతో ఒకే ఎత్తులో ఉండాలి. వంచిన తర్వాత రెండు చెవులకీ ఒకేసారి, ఒకే డ్రిల్‌తో రంధ్రం వేయడం మేలు. రెడీమేడ్ బ్రాకెట్ దొరికితే తీసుకోండి, సిగ్గుపడాల్సిన పనేం లేదు.

బుష్‌లు అతికేటప్పుడు ఇరుసుని దీపపు మసిలో తిప్పండి, లేదా మెత్తటి పెన్సిల్‌తో నల్లగా రుద్దండి. అలా చేస్తే ఇరుసుకి టంకం అంటదు. ఇరుసు రెండు బుష్‌ల్లోంచి దూర్చి, చివర్లకి 20.5 బిళ్లలు తొడిగి, పలక మీద గీతకి సరిగ్గా నిలబెట్టి అప్పుడు టంకం వేయండి. ఒక్కో బుష్ విడివిడిగా అతికిస్తే రెండూ ఒకే వరసలో పడవు. చల్లారాక ఇరుసుని వేలితో తిప్పితే బిళ్ల బరువుకి రెండు మూడు చుట్లు తనంతట తిరగాలి. బిగుసుకుంటే రీమర్‌తో (రంధ్రం పెద్దది చేసే పనిముట్టు) గీకవద్దు. మళ్లీ వేడిచేసి, ఇరుసు తనంతట కుదురుకునే దాకా కదిపి చల్లార్చండి. ఈ వేడికి కంచు బుష్‌లో ఇంకిన నూనె ఆవిరైపోతుంది. పని అంతా అయ్యాక రెండు చుక్కల పలుచటి మిషన్ నూనె వేసి, ఛాసిస్‌ని కాస్త వెచ్చగా ఎండలో ఉంచితే మళ్లీ పీల్చుకుంటుంది.

తర్వాత రైళ్లు, అంటే ఛాసిస్ పొడవునా పోయే తీగలు. ఒక్కో పక్కన రెండేసి 1.6 తీగలు, పక్కపక్కన ఆనించి, బ్రాకెట్ నుంచి గైడ్ దాకా. తీగల కింద 1.3 మి.మీ. మందం ముక్కలు పెట్టి ఎత్తు సరిచేయండి. తీగ వంకర ఉంటే ముందే సరిచేయాలి. వంకర తీగని పలకకి అదిమి పట్టి అతికిస్తే, వదలగానే ఛాసిస్ మెలి తిరుగుతుంది. ముందు భాగంలో 1.2 మి.మీ. ఇత్తడి ప్లేటు తీగల పైన వేయండి, కింద కాదు. అప్పుడు ప్లేటు అడుగు ట్రాక్‌కి 2.9 మి.మీ. ఎత్తులో ఉంటుంది. గైడ్ మందం, బ్రెయిడ్ మందం కలిపినా చాలా గైడ్లకి ఆ చోటు సరిపోతుంది, తేడా ఉంటే వాషర్లతో నింపుకోవచ్చు. గైడ్ కాండానికి సరిపోయే గొట్టం ముక్క ప్లేటుకి లంబంగా ఉండాలి. గొట్టం ఒరిగితే గైడ్ బ్రెయిడ్‌ల్లో ఒకటి ట్రాక్ మీద ఉండి ఇంకోటి లేస్తుంది, కారు మలుపుల్లో తడబడుతుంది.

ముందు ఇరుసుకి బుష్‌లు అక్కర్లేదు. 1/8 గొట్టం ముక్కని 1 మి.మీ. రేకు ముక్కల మీద నిలబెట్టి, 19.5 బిళ్లలతో ఎత్తు చూసి అతికించండి. గొట్టం అడుగుకీ ప్లేటుకీ మధ్య 4 మి.మీ. దాకా ఖాళీ వస్తుంది.

ఇక పక్క పలకలు. బాడీ వీటికే బిగుస్తుంది, ఛాసిస్‌కి కాదు. 1.5 మి.మీ. ఇత్తడి, 10 మి.మీ. వెడల్పు, 48 మి.మీ. పొడవు. ఒక్కోటి 6 గ్రాములు ఉంటుంది, కింద ఉన్న బరువు కాబట్టి మనకి కావాల్సిన బరువే. రైళ్లకీ వీటికీ మధ్య అర మి.మీ. ఖాళీ. వెనక ఇరుసుకి 42 మి.మీ. ముందు, అంటే మోటారు దాటాక, 3/32 గొట్టం ఒకటి రైళ్ల మీద అడ్డంగా అతికించి, అందులో 1.6 తీగ దూర్చి, చివర్లు కాస్త కిందికి వంచి రెండు పలకలకీ అతికిస్తే కీలు తయారు. పలకలు మరీ కిందికి జారకుండా ఒక్కో పలక నుంచి చిన్న 1 మి.మీ. తీగ రైలు మీదికి వాలాలి. మరీ పైకి లేవకుండా బ్రాకెట్ నుంచి ఇంకో ముక్క పలక మీదికి వచ్చి, అర మి.మీ. ఎడంలో ఆగాలి.

ఈ వదులు ఎందుకంటే, బొమ్మ కారులో స్ప్రింగులుండవు. గేర్ అదురు, ట్రాక్ అతుకుల కుదుపు నేరుగా బాడీకి చేరితే కారు మొత్తం ఎగురుతుంది. బాడీ విడిగా ఊగితే ఆ అదురు అక్కడే చచ్చిపోతుంది, టైరు ట్రాక్‌ని వదలదు. 60ల చివర అమెరికా ట్రాక్‌ల మీద ఛాసిస్‌లు గలగలమని మోగేవి ఇందుకే.

గేర్ కలపడం

9 పళ్లకి 27 అంటే మోటారు మూడు చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు. మోటారు 18,000 తిరిగితే ఇరుసు 6,000, 20.5 మి.మీ. టైరుతో సెకనుకి ఆరున్నర మీటర్ల దాకా లెక్క వస్తుంది. ఇంట్లో వేసుకునే ట్రాక్ మీద అంత వేగం ఎప్పుడూ అందదు, కాబట్టి ఇంకా పొడుగు రేషియో కోసం వెతకక్కర్లేదు. మలుపులు ఎక్కువ, తిన్నని దారి తక్కువ ఉంటే 28 పళ్లది పెట్టండి.

పినియన్ కొస చక్రాల ఇరుసుకి తగలకూడదు, అర మి.మీ. ఖాళీ ఉండాలి. క్రౌన్ గేర్‌ని పినియన్ తన నుంచి పక్కకి తోస్తుంది. కాబట్టి గేర్ వీపుకీ ఆ వైపు బుష్‌కీ మధ్య వాషర్లు పెట్టి ఆ తోపుడుని ఆపాలి. గేర్ పట్టు ఎంత బిగువో నిర్ణయించేవి ఈ వాషర్లే. చాలామంది అవతలి వైపు వాషర్లు మార్చుకుంటూ, చప్పుడు ఎందుకు పోదో తెలియక తల పట్టుకుంటారు. పళ్ల మధ్య పలుచటి కాగితం పెట్టి, గేర్‌ని దగ్గరికి నొక్కి, స్క్రూ బిగించి, కాగితం లాగేస్తే సరైన సందు మిగులుతుంది. ఇరుసుని అటూ ఇటూ కదిపితే కంటికి కనిపించీ కనిపించనంత, 0.1 నుంచి 0.2 మి.మీ. మాత్రమే కదలాలి.

కొత్త గేర్ కాస్త గరగరలాడుతుంది. తెల్లటి టూత్‌పేస్టు (జెల్ కాదు) కొంచెం పళ్లకి రాసి, చక్రాలు గాల్లో ఉంచి 5 వోల్టుల దగ్గర పది నిమిషాలు నడపండి. తర్వాత పాత బ్రష్‌తో, నీళ్లతో బాగా కడగండి. పేస్టు మోటారులోకి పోకుండా ముందే బొడిపె చుట్టూ గ్రీజు రాయడం మర్చిపోవద్దు. కడిగాక కూడా ఒకే లయలో ‘టక్ టక్’ మంటుంటే గేర్ ఇరుసు మీద వంకరగా బిగిసిందని అర్థం. ఆగకుండా కూత పెడుతుంటే సందు చాలా తక్కువ. ఎత్తైన, పలుచటి గలగల వస్తే సందు ఎక్కువ.

మోటారుని బిగించే ముందు ఏ బరువూ లేకుండా 3 వోల్టుల దగ్గర అరగంట నడిపితే బ్రష్‌లు కమ్యుటేటర్ (మోటారు లోపల బ్రష్‌లు ఆనే తిరిగే భాగం) ఆకారానికి కుదురుకుంటాయి. నూనె చుక్క బేరింగ్‌లకి మాత్రమే, లోపలికి పోతే బ్రష్‌లు జిడ్డెక్కి బలం తగ్గుతుంది.

టైర్లు

టైరుని రిమ్ముకి సూపర్‌గ్లూతో అంటించకుండా రుద్దితే, రుద్దిన పనంతా వృథా, ఎందుకంటే పరుగులో టైరు ఉబ్బి రిమ్ము మీద జారుతుంది. వెనక టైరు 8 నుంచి 9 మి.మీ. వెడల్పు, ముందువి 6 చాలు. ప్లాస్టిక్, చెక్క ట్రాక్ రెండింటికీ యూరిథేన్ టైర్లు నమ్మకమైనవి. సిలికాన్ పట్టు ఇంకా ఎక్కువే, కానీ అది శుభ్రమైన ట్రాక్ మీదే పని చేస్తుంది. రబ్బరు టైర్ల కార్లు తిరిగే ట్రాక్ మీద సిలికాన్ తిప్పితే రెండింటి పట్టూ పోతుంది.

రుద్దడానికి చదునైన పలక మీద 120 నంబరు ఎమిరీ పేపర్ అంటించి, కారు వెనక భాగాన్ని దాని మీద మెల్లగా ఆనించి, 4 నుంచి 6 వోల్టుల దగ్గర చక్రాలు తిప్పండి. మూడు నాలుగు సెకన్లకోసారి ఎత్తాలి, లేకపోతే వేడికి టైరు కరిగి చిరుగుతుంది. టైరు పైన మార్కర్‌తో గీత గీసి పెట్టుకుంటే ఎక్కడ రుద్దుకుంది, ఎక్కడ లేదు తెలుస్తుంది. గీత అంతా పోయాక 240, తర్వాత 400. చివరగా బయటి అంచుని కొద్దిగా గుండ్రం చేయండి. పదునైన అంచు మలుపులో ట్రాక్‌ని పట్టుకుని కారుని పడగొడుతుంది.

ముందు టైర్లకి పట్టు అక్కర్లేదు, పైగా అది చెరుపు చేస్తుంది. గుండ్రంగా రుద్ది రంగులేని గోళ్ల పాలిష్ ఒక పూత వేయండి. ఒక చక్రం ఇరుసుకి బిగించి, రెండోదాన్ని స్వేచ్ఛగా తిరగనిస్తే మలుపులో ముందు భాగం ఈడ్చుకుపోదు.

బాడీ

బాడీ, కిటికీలు, డ్రైవర్ అన్నీ కలిపి 22 గ్రాములు దాటనీయకండి. రెజిన్ బాడీ అయితే లోపలి గోడల్ని రుద్ది పలుచన చేయండి, ముఖ్యంగా పైకప్పు. కిట్‌తో వచ్చే మందపాటి కిటికీల బదులు టూత్‌బ్రష్ ప్యాకింగ్‌లాంటి పారదర్శక ప్లాస్టిక్ కోసి అంటిస్తే రెండు మూడు గ్రాములు తగ్గుతాయి, అదీ పైభాగంలో. డ్రైవర్ నడుము దాకా ఉంటే చాలు.

లోపల ప్లాస్టిక్ గొట్టం ముక్కల్ని ఆరల్డైట్‌తో అంటించి, అందులో పక్క పలకల నుంచి ఎం2 స్క్రూలు బిగించాలి. పలకల్లో రంధ్రం 2.5 మి.మీ. ఉండాలి, స్క్రూకి కాస్త ఆట ఉండేలా. గొట్టం ముక్కలు అంటించే ముందు బాడీని చక్రాల మీద పెట్టి, వెనక మడ్‌గార్డులో టైరు చుట్టూ కనీసం 1 మి.మీ. ఖాళీ ఉందో లేదో చూడండి. స్క్రూ పూర్తిగా బిగించి తర్వాత ఒక చుట్టు వదలండి. ఎం2 స్క్రూ ఒక చుట్టుకి 0.4 మి.మీ. కదులుతుంది, మొదలుపెట్టడానికి అంత వదులు సరిపోతుంది.

ట్రాక్ మీద

12 వోల్టుల, కనీసం 3 ఆంపియర్ల సరఫరా పెట్టుకోండి. పాతకాలపు రెసిస్టర్ కంట్రోలర్ (చేత్తో ట్రిగర్ నొక్కి వేగం మార్చేది) వాడితే ఈ మోటారుకి 25 నుంచి 45 ఓమ్‌ల మధ్య సరిపోతుంది. ఓమ్‌లు మరీ తక్కువైతే ట్రిగర్ కాస్త నొక్కగానే కారు దూకుతుంది. ఎక్కువైతే సగం నొక్కినా కదలదు, ఆ తర్వాత ఒక్కసారిగా లంఘిస్తుంది.

మొదటి పరుగుకి ముందు కారుని తూకం వేయండి. మొత్తం 80 నుంచి 90 గ్రాముల మధ్య రావాలి. వంటింటి డిజిటల్ కాటాలు రెండు దొరికితే ఒకదాని మీద గైడ్, ఇంకోదాని మీద వెనక చక్రాలు ఆనించండి. వెనక వైపు 55 నుంచి 60 శాతం ఉంటే మంచి మొదలు. తక్కువైతే కార్ల వీల్ బ్యాలన్సింగ్ చేసే చోట దొరికే 5 గ్రాముల జిగురు బిళ్లలు ఛాసిస్ మీద, వీలైనంత కిందుగా అంటించండి. సీసం బిళ్లలైతే ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి.

ఒక్కసారికి ఒక్క మార్పే చేయండి. పది చుట్ల సమయం చూసి, అప్పుడే ఇంకో మార్పు. ఒక చుట్టు బాగా వచ్చిందని మురిసిపోతే తప్పుదారి పడతారు.

మలుపు మొదట్లోనే ముక్కు గాడి తప్పుతుంటే బ్రెయిడ్‌లని చూడండి. గట్టిగా, ఎక్కువగా కిందికి వంగిన బ్రెయిడ్ స్ప్రింగులా గైడ్‌ని పైకి తోస్తుంది. వాటిని దాదాపు చదును చేసి, కొసలు మాత్రం కొద్దిగా కిందికి దించండి. తర్వాత ముందు చక్రాలు. అవి మరీ కిందుంటే గైడ్ గాడిలో పూర్తిగా దిగదు. చదును గాజు మీద పెట్టి చూస్తే లాభం లేదు, ట్రాక్ ముక్క మీదే చూడాలి. గైడ్ పూర్తిగా దిగి, ముందు చక్రాలు ట్రాక్‌ని తాకీ తాకనట్టు తిరగాలి. 0.1 మి.మీ. వాషర్ తీసినా పెట్టినా ఇక్కడ తేడా కనపడుతుంది. మోటారు వైరు బిరుసుగా ఉండి గైడ్‌ని ఒక పక్కకి లాగినా ఇదే జబ్బు వస్తుంది, అందుకే సిలికాన్ వైరు.

మలుపు మధ్యలో వెనక భాగం గబగబా ఎగురుతూ పోతుంటే జారడం లేదు, గంతులేస్తోంది. అక్కడ చూడాల్సినవి వరసగా: టైరు గుండ్రం, ఇరుసు వంకర, బుష్ వదులు, తర్వాతే బాడీ వదులు. ఇరుసుని గాజు మీద దొర్లిస్తే వంకర వెంటనే తెలుస్తుంది. బాడీ మరీ బిగువుగా ఉంటే ఇంకో అర చుట్టు స్క్రూ వదలండి.

కారు జారకుండా ఉన్నట్టుండి బోల్తా పడుతుంటే పట్టు ఎక్కువైంది, లేదా బరువు పైన ఉంది. టైరు బయటి అంచు ఇంకొంచెం గుండ్రం చేయండి, పక్క పలకల బయటి అంచుల దగ్గర చెరో 2 గ్రాముల బరువు కలపండి. వెనక చక్రాల వెడల్పు బాడీ లోపల వీలైనంత బయటికి జరపండి. అన్నీ చేసినా పడుతుంటే బాడీని ఇంకా పలుచన చేయడం తప్ప దారి లేదు.

కుడి మలుపులో బాగుండి ఎడమ మలుపులో జారితే మొదట ఛాసిస్ మెలి చూడండి. గైడ్ తీసేసి, చదును గాజు మీద పెట్టి ఒక్కో వెనక చక్రం కింద కాగితం దూర్చండి. ఒక వైపు సులువుగా దూరి ఇంకో వైపు దూరకపోతే మెలి ఉంది. చేత్తో మెల్లగా, వ్యతిరేకంగా తిప్పి సరిచేయవచ్చు, ఉక్కు తీగ కొంచెం ఎక్కువే తిప్పాలి, వెనక్కి వస్తుంది. మెలి ఏమీ లేకుండా కూడా కొద్దిపాటి తేడా మిగులుతుంది. పొడవునా పడుకున్న మోటారు తిరిగేటప్పుడు ఛాసిస్‌ని తనకి ఎదురు దిశలో ఒక పక్కకి వాల్చుతుంది, ఒక చక్రం మీద బరువు పెరుగుతుంది. తేలికైన వైపు పలక మీద 1 లేదా 2 గ్రాములు పెడితే చాలావరకు సర్దుకుంటుంది. మోటారుని అడ్డంగా పెట్టిన కార్లకి ఈ బాధ లేదు.

పది చుట్లకి వేగం పడిపోతే మోటారు డబ్బా తాకి చూడండి. వేలు ఆనించలేనంత వేడి ఉంటే గేర్ రేషియో పొడుగైంది, లేదా గేర్ బిగువుగా ఉంది. వేడి లేకుండా వేగం తగ్గితే బ్రెయిడ్ మసి పట్టింది, లైటర్ ద్రవంతో తుడవండి. అది మండేది, తుడిచాక పూర్తిగా ఆరనిచ్చి, అప్పుడే కరెంటు ఇవ్వాలి.

టైరు పట్టు మధ్యాహ్నం ఒకలా, రాత్రి ఒకలా ఉంటే చాలాసార్లు తప్పు కారుది కాదు, దుమ్ముది. ఫ్యాను కింద ట్రాక్ మీద సన్నటి ధూళి పేరుకుంటుంది. పరుగుకి ముందు ట్రాక్ పొడిగుడ్డతో తుడిచి, టైర్లని మాస్కింగ్ టేప్ జిగురు వైపు మీద రెండు మూడుసార్లు దొర్లించండి. ఆ తర్వాత కూడా సమయం రాకపోతేనే ఛాసిస్ ముట్టుకోండి.